బొల్లవ్వ నోట్లో పై పళ్ళు

మెదక్ పట్నంలో కట్టుడు పళ్ళు పెట్టుకున్న ముసలివాళ్ళు నవ్వితే, అందులో సగం నవ్వు యాదలక్ష్మి చేతిపని. ఆ సంగతి వాళ్ళకు తెలియదు. వాళ్ళకు తెలిసింది డాక్టరే. నోట్లో అచ్చు తీసినందుకు ఆయనకే దండం పెట్టి పోతారు. ఆ అచ్చు పాలిథిన్ సంచిలో పడి చౌరస్తా వెనక సందులో ఉన్న హకీం సాబ్ లాబ్‌కు వస్తుందనీ, అక్కడ నలభై మూడేళ్ళ ఆడమనిషి ఒకతె ముక్కుకు తువ్వాల కట్టుకుని, మైనం కరిగించి, ఒక్కొక్క పన్నూ వరస పేర్చి, వాళ్ళ దవడకు సరిపోయేలా చెక్కుతుందనీ ఎవరు చెప్తారు? పళ్ళు నప్పితే డాక్టరు హస్తవాసి మంచిది. నప్పకపోతే లాబ్‌వాళ్ళు చెడగొట్టారు. లోకం తీరే అంత.

ఆమెది అల్లాదుర్గ్ పక్కన చిన్న ఊరు. కురుమల పిల్ల. తండ్రి వెంట గొర్రెల్లో తిరుగుతూనే పదో తరగతి గట్టెక్కింది. పెళ్ళయి మెదక్ వచ్చిన కొత్తలో కిరాయికున్న ఇంటి పక్కన హకీం సాబ్ భార్య షంషాద్ ఉండేది. “మా ఆయన లాబ్‌ల సన్నపనికి ఆడోళ్ళ చెయ్యి కావాలంటున్నడు, వస్తవా?” అని ఆమె అడిగితే ప్లాస్టర్ కలపడానికి చేరింది. కలిపే చెయ్యి చెక్కే చెయ్యి అయింది. ఇరవై ఏళ్ళు గడిచాయి. ఇల్లు పట్నం ఆ చివరకు మారింది కానీ, లాబ్‌లో ఆమె స్టూలు మాత్రం వేసిన చోటు నుంచి జరగలేదు.

కూర్చుని చేసే పనే గదా అంటారు చాలామంది. ఎద్దు పుండు కాకికి ముద్దా! మెడ వంచి ఎనిమిది గంటలు స్పిరిట్ దీపం ముందు కూర్చుని చూస్తే తెలుస్తుంది. తెల్లవారి ఐదింటికి లేస్తే అత్త ఆగమ్మ మోకాళ్ళ కాపడానికి వేడినీళ్ళు, ఇంటర్ చదివే కూతురు మమతకు డబ్బా, కూరగాయల డీసీఎం వ్యాను నడిపే మొగుడు పరమేశ్ ఇంట్లో ఉన్న రోజైతే అతనికి వేరే వేళకు వేరే తిండి. లాబ్ నుంచి వచ్చాక మళ్ళీ అదే కథ, వెనక నుంచి ముందుకు. ఎవరూ చెడ్డవాళ్ళు కారు. అదే బాధ. చెడ్డవాళ్ళైతే కనీసం తిట్టుకునైనా సుఖపడేది.

పైగా ఆమె నోట ఒక మాట ఉంది. “చేస్త తీయ్.” ఎవరు ఏం అడిగినా ఆ మాట ఆలోచన కంటే ముందే బయట పడుతుంది. చుట్టాలింట్లో నలభై మందికి చపాతీలా? చేస్త తీయ్. ఎదురింటావిడకు జాకెట్టు హుక్కులా? చేస్త తీయ్. మెత్తనివాళ్ళను చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా!

పోయినేడు వానాకాలంలో నిస్సి ఒక అగ్గిపెట్టె తెచ్చి ఆమె బల్ల మీద పెట్టింది. నిస్సికి ఇరవై నాలుగేళ్ళు. పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చుంటుంది, అచ్చులు లాబ్‌కు మోసుకొచ్చేదీ ఆ పిల్లే. అగ్గిపెట్టెలో బొటనవేలంత తాబేలు. మామూలు తాబేలు కాదు. రెండు కాళ్ళ మీద నిలబడి, చేత కర్ర పట్టి, భుజాన సంచి వేసుకున్న తాబేలు మనిషి. ఒక పాదం విరిగిపోయి ఉంది.

“యాదక్కా, జర దీని కాలు అతికిస్తవా? హైదరాబాద్ నుంచి తెప్పించిన. మస్తు పిరం.”

“చేస్త తీయ్,” అంది యాదలక్ష్మి.

కట్టుడు పళ్ళ చిగుళ్ళకు వాడే గులాబీరంగు పొడిని ద్రవంలో కలిపి, ఆరేలోపు పాదం చేసి, సూదితో గోళ్ళు కూడా గీసింది. మర్నాడు చూసి నిస్సి కేక పెట్టింది. రెండో పాదం ఆ కొత్తదాని ముందు దిగదుడుపు. ఇంకేముంది, రెండు నెలలు తిరిగేసరికి కత్తి పట్టిన పిల్లి, టోపీ పెట్టిన కప్ప, అరడజను ఎలుక జవాన్లు ఆ బల్ల మీదే పుట్టాయి. పైన ఏ రంగు వేసినా, గీకితే లోపల అన్నిటిదీ ముసలివాళ్ళ చిగుళ్ళ రంగే.

ఇవన్నీ ఒక ఆట కోసం. ఆ ఆట యాదలక్ష్మికి మొదట అంతు చిక్కలేదు. క్యారమ్స్‌లా ఒకరు గెలిచి ఒకరు ఓడేది కాదు. ఒకరు కథ నడుపుతారు. తక్కినవాళ్ళు ఒక్కొక్కరూ ఆ కథలో ఒక్కో జంతుమనిషి అవుతారు. కథ నడిపేవాళ్ళు ‘ముందర వాగు పొంగుతున్నది, ఏం చేస్తరు?’ అంటే వీళ్ళు చెప్పాలి. చెప్పింది జరిగిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. పెద్ద అంకె పడితే దాటినట్టు, చిన్నది పడితే కొట్టుకుపోయినట్టు. బొమ్మలేమో ఎవరు ఎక్కడ నిలబడ్డారో బల్ల మీద చూపడానికి.

చర్చి కాంపౌండ్ వెనక సందులో నిస్సి వాళ్ళ ఇల్లు. ఆదివారం ప్రార్థన అయిపోయి, అన్నాలు తిన్నాక, రెండింటి నుంచి నాలుగింటి దాకా అక్కడ ఆట. సెల్‌ఫోన్లు బాగుచేసే షారూఖ్ పిల్లి. డిగ్రీ చదివే ఇషిత కప్ప. యాదలక్ష్మి ఒక ఆదివారం ఎలుకల బొమ్మలు ఇచ్చి పోదామని వెళ్ళింది. ఆ రోజు ఒక మనిషి తక్కువయ్యాడు. “గంట కూసో అక్కా” అన్నారు. కూర్చుంది. ఫ్యాన్ కింద ప్లాస్టిక్ కుర్చీ. కాసేపటికి నిస్సి తల్లి టీ తెచ్చి చేతికిచ్చింది. ఎవరో పెట్టి, ఎవరో వడగట్టి, ఎవరో మోసుకొచ్చి తన చేతిలో పెట్టిన టీ. ఆ కప్పు పట్టుకుని యాదలక్ష్మి కాసేపు తాగడం మరిచిపోయింది. నిజం చెప్పుకోవాలంటే, తరవాతి ఆదివారం ఆమెను అక్కడికి లాక్కుపోయింది ఆట కాదు. ఆ టీ.

ఇంట్లో ఏం చెప్పాలి? “ఆటకు పోతున్న” అని ఏ కోడలైనా చెప్పగలదా? “లాబ్‌ల ఐతారం గూడ పని పెట్టిండ్రు అత్తమ్మా, అర్జెంటు సెట్లు,” అంది. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో అత్తకు ఆమె చెప్పిన మొదటి అబద్ధం అది. ఆగమ్మ “ఊఁ” అని ఊరుకుంది. అప్పటి నుంచి వారానికి ఆ రెండు గంటలు యాదలక్ష్మివి. ఏడు రోజుల్లో ఆమెవి అనదగ్గవి ఆ రెండే.

తనకు బొమ్మ చేసుకోవాల్సి వచ్చినప్పుడు షారూఖ్ “ఆడపులి చేస్కో అక్కా, మస్తుంటది” అన్నాడు. ఆమె గొర్రెను చేసుకుంది. మొహం మీద తెల్లమచ్చ ఉన్న గొర్రె. తండ్రి మందలో అలాంటిదాన్ని బొల్లి అని పిలిచేవారు కాబట్టి దీని పేరు బొల్లవ్వ. వీపున మూట, చేతిలో గొంగడి. పెదవులు ఇంత తెరిచి, పైన నాలుగు, కింద నాలుగు పళ్ళు పెట్టింది, ఆవగింజలో సగం ఉండవు ఒక్కోటి. కింది పళ్ళను కొద్దిగా అరగదీసింది. వయసు మళ్ళినవాళ్ళకు సెట్టు చేసేటప్పుడు అలా అరగదీస్తేనే సొంత పళ్ళలా కనపడతాయి. అలవాటైన చెయ్యి కదా, అదే పని చేసుకుపోయింది.

కాని బొల్లవ్వ బతుకూ యాదలక్ష్మి బతుకే అయి కూర్చుంది. మొదటి రోజే ఎవరో “వంట ఎవరు చేస్తరు?” అన్నారు. “బొల్లవ్వ చేస్తది తీయ్,” అంది తను. ఆ తర్వాత గాయాలకు కట్లు కట్టేది బొల్లవ్వ. అందరూ పడుకుంటే కావలి ఉండేది బొల్లవ్వ. పిల్లి కత్తి తిప్పి పేరు తెచ్చుకుంటుంది, కప్ప మంత్రాలు వేసి పేరు తెచ్చుకుంటుంది, వాళ్ళ మూటలు మాత్రం బొల్లవ్వ వీపు మీదికి చేరతాయి. ఎనిమిది నెలలు అట్లా నడిచింది. ఈ మధ్య ఆదివారాలు ఇంటికి వచ్చేసరికి ఆమెకు పోయినప్పటికంటే ఎక్కువ అలుపు అనిపిస్తోంది. రెండు గంటలు కొట్టేసుకున్నది ఇందుకా అని ఒకసారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి కూడా.

ఆ వారం ఎక్కడో పళ్ళ శిబిరం పెట్టారు. పదకొండు సెట్లు ఒకేసారి వచ్చి పడ్డాయి. శుక్రవారం సెల్‌ఫోన్‌లో ఆటవాళ్ళ గ్రూపుకు షారూఖ్ మెసేజ్. ఆదివారం కథ ఆఖరి కనుమకు చేరుతుంది, తోడేళ్ళ దండు వెంటపడుతుంది, “బొల్లవ్వ ఒక్కతె కనుమ కాడ నిలబడితే చాలు, మేం దాటేస్తం.” అందరూ బొటనవేళ్ళు ఎత్తారు. యాదలక్ష్మి కూడా ఎత్తింది. చేతికి అంటిన మైనం స్క్రీనుకు అంటుకుంది.

శనివారం సాయంత్రం ఆమె బియ్యం కడుగుతుంటే, టిఫిన్ డబ్బా తోమడానికి సంచి విప్పిన ఆగమ్మ లోపలి రుమాలు మూట కూడా విప్పింది.

“ఇదేందే యాదీ?”

దొంగకు తేలు కుట్టినట్టయింది యాదలక్ష్మికి. ఆగమ్మ అరచేతిలో బొల్లవ్వ. ఇప్పుడు అత్త ‘గిది ఏడిది, ఎందుకు’ అని అడుగుతుంది. తను చెప్పాలి. చెప్తే ఆదివారం పోతుంది. ఇక వచ్చే వారమంతా, ఆ పై వారమంతా, అడ్డం నిలువు లేకుండా ఒకటే రోజు.

“బొమ్మ, అత్తమ్మా. లాబ్‌ల చేసిన.”

ఆగమ్మ దాన్ని ట్యూబ్‌లైటు కిందకు పట్టి, కళ్ళు చికిలించి, గోటితో ఆ బొమ్మ మూతిని తడిమింది. ఆమె పుట్టిల్లు శంకరంపేట వైపు. వాళ్ళదీ గొర్రెల కొంపే.

“నువ్వే చేసినవా?”

“ఆఁ.”

“కురుమల బిడ్డవై గొర్రెకు మీది పండ్లు పెట్టినవా పిల్లా?”

యాదలక్ష్మి చేతిలో బియ్యం గిన్నె అలాగే ఉండిపోయింది. గొర్రెకు ముందు పై పళ్ళుండవు. పైన ఉత్త చిగురే. ఉన్న ఎనిమిదీ కిందే. చిన్నప్పుడు తండ్రి సంతలో గొర్రె మెడ ఒడిసి పట్టుకుంటే, దవడ తెరిచి పళ్ళు లెక్కబెట్టేది తనే. రెండు పళ్ళది, నాలుగు పళ్ళది, ఆరు పళ్ళది. పళ్ళను బట్టే ఈడు, ఈడును బట్టే బేరం. ఎన్ని వందల నోళ్ళు చూసి ఉంటుంది! ఇరవై ఏళ్ళు మనుషుల దవడలు చూసి చూసి అది మొత్తం మరిచిపోయింది. తన గొర్రెకు తనే ఎవరివో కట్టుడు పళ్ళు కట్టింది. నవ్వొచ్చింది ముందు. తర్వాత గిన్నె కింద పెట్టేసింది.

“యాదిలేదు అత్తమ్మా,” అంది మెల్లగా.

“దీనితోని ఏం జేస్తరు?”

“ఒక ఆట. కథ లెక్క. ఇది అందరి మూటలు మోస్తది, దెబ్బలు తాకితే కట్లు కడ్తది.”

“గింత ముసల్దాంతోనా?” ఆగమ్మకు నిజంగానే కోపం వచ్చింది. “కింద పండ్లు చూడు, ఎంత అరిగినయో. మా నాయిన పండ్లు అరిగిన గొర్రెను అదిలియ్యకపోతుండె. గది ఏడ కూసుంటె ఆడ కూసోనిస్తుండె. ముసల్ది కూసున్నదంటే మంద మొత్తం ఆడ్నే ఆగుతుండె. ఎంత కొట్టినా కదలకపోతుండె.” అని బొమ్మను రుమాల్లో చుట్టి సంచిలో పెట్టేసింది. ఆట ఎక్కడ, ఎప్పుడు అని అడగలేదు.

ఆ రాత్రి యాదలక్ష్మికి నిద్ర పట్టలేదని రాస్తే అబద్ధం. ఒళ్ళు అలిసినవాళ్ళకు బెంగపెట్టుకునే తీరిక కూడా ఉండదు. పడుకోగానే పట్టింది.

ఆదివారం అంట్లు తోమాక, గోళ్ళు రాసుకునే ఆకురాయితో బొల్లవ్వ పై పళ్ళు అరగదీసింది. నాలుగూ పోయేసరికి వాటి చుట్టూ వేసిన రంగు కూడా లేచిపోయి లోపలి గులాబీ బయటపడింది. అచ్చం చిగురు. ఇక రంగు వెయ్యక్కర్లేదు. “లాబ్‌కు పోయొస్త అత్తమ్మా,” అంది గడప దగ్గర. “పో,” అంది ఆగమ్మ, మోకాలు రుద్దుకుంటూ.

చర్చి చూడ్డానికొచ్చిన జనంతో రోడ్డంతా ఆటోలు, మక్కబుట్టలు కాల్చే బండ్లు. ఆమె వెళ్ళేసరికి బల్ల మీద కనుమ సిద్ధంగా ఉంది, రెండు ప్లాస్టర్ ముద్దల మధ్య సన్నటి దారి. ఆ ముద్దలు కూడా తను ఇచ్చినవే, పనికిరాకుండా పోయిన దవడ అచ్చులు. కథ నడుపుతున్న నిస్సి గొంతు తగ్గించి చెప్పుకుపోతోంది. మంచు పడుతున్నది. తోడేళ్ళు వచ్చినయ్. షారూఖ్ పిల్లి ఎదురెళ్ళి నాలుగింటిని నరికింది. ఐదోది దాని పక్కటెముకలు చీల్చేసింది.

“యాదక్కా, బొల్లవ్వ ఏం చేస్తది?”

అప్పటికే షారూఖ్ పాచిక తెచ్చి ఆమె అరచేతిలో పెట్టాడు. చేస్త తీయ్ అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. యాదలక్ష్మి పళ్ళు బిగబట్టింది.

“కూసుంటది,” అంది.

“అంటే? కట్టు కట్టనీకె కూసుంటదా?”

“కాదు. ఊకెనే కూసుంటది.”

ఇషిత నిస్సి వైపు చూసింది. ఫ్యాన్ తిరుగుతోంది.

“అక్కా, తోడేళ్ళొస్తున్నయి,” అన్నాడు షారూఖ్. “పిల్లికి రక్తం పోతున్నది. నువ్వు ఒక్కసారి డైస్ వేస్తే బతుకుతది.”

“ఇషిత సంచిల గూడ కట్లున్నయి. మొదటి దినం నుంచి ఉన్నయి.”

ఇషిత తన కాగితం తిప్పి చూసుకుంది. నిజంగానే ఉన్నాయి. ఎనిమిది నెలల్లో ఆ పిల్లకు ఆ సంచి విప్పాల్సిన అవసరమే రాలేదు. తన దగ్గరున్న ఇంకో పాచిక వేసింది. మూడు పడింది. పిల్లి చచ్చిపోయింది.

షారూఖ్ మొహం చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. యాదలక్ష్మికీ వేసింది. పాచిక ఇంకా తన చేతిలోనే ఉంది, వేస్తే ఏం పోయేది? ఆ ఒక్క క్షణం తను చెడ్డదాన్ననుకుంది. ఆ మాట మనసులో అనుకున్నాక, దాని వెనకే, మెడ నరాల్లో ఎన్నాళ్ళుగానో బిగుసుకున్నదేదో వదులైంది. కుర్చీలో వెనక్కి వాలింది. ఆ కుర్చీకి వీపు ఆనించే చోటుందని ఆమెకు ఆ రోజే తెలిసింది.

“మరి మిగిలినోళ్ళం ఏం చెయ్యాలె అక్కా?” నిస్సి నిదానంగా అడిగింది.

“అది కూసుంటె మంద ఆగుతది బిడ్డా. అది లేచినప్పుడు లేస్తది.”

నిస్సి కథ రాసుకున్న పుస్తకం మూసేసింది. “అయితే ఈ ఐతారం గీడ్నే ఆగినం,” అంది. టీ వచ్చింది. యాదలక్ష్మి చల్లారనివ్వకుండా తాగింది.

గేటు దగ్గర చెప్పులేసుకుంటుంటే షారూఖ్ వెంట వచ్చాడు. అలిగినా తెలివైనవాడు. “అక్కా, నాది సచ్చింది గదా. కొత్తది చేసిస్తవా? ఈసారి పులి. రెండు కత్తులుండాలె.”

“చేస్త తీయ్,” అంది యాదలక్ష్మి.

అనేశాక నాలుక కరుచుకుంది. వాడు సంతోషంగా బండెక్కి పోయాడు. బొమ్మతో చెప్పించగలిగిన మాట తన నోటితో ఎందుకు రాదో అనుకుంటూ ఆమె ఇంటి దాకా తనను తాను తిట్టుకుంటూ నడిచింది.

ఆగమ్మ గడప మీద కాళ్ళు బారజాపి చింతకాయలు ఒలుస్తోంది. కోడలు చెప్పులు విప్పకముందే అడిగింది.

“గొర్రె ఏం జేసింది?”

యాదలక్ష్మి ఆగిపోయింది. లాబ్‌కు పోయొచ్చిన మనిషిని అడిగే మాట కాదది.

“లాబ్ ఐతారం బంద్ ఉంటది,” అంది ఆగమ్మ చింతకాయ మీది నుంచి కళ్ళెత్తకుండా. “షంషాద్ చెప్పింది. చలికాలం దవాఖానల కలిసింది, మోకాళ్ళు చూపియ్యపోయిన దినం.”

“చలికాలంలనా?” యాదలక్ష్మి వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. మూడు నెలలైంది. పన్నెండు ఆదివారాలు గడప దగ్గర నిలబడి తను అబద్ధం చెప్పింది, అత్త పో అంది. “మరి ఏమన్లేదేంది అత్తమ్మా?”

“ఏమనాలె? ఎక్కడ్నో జరంత సేపు కూసుంటున్నది పో, అనుకున్న.” ఆగమ్మ చింతపిక్క ఒకటి తీసి పక్కన వేసింది. “మందకాడ కూసోలేదు, నాట్లకాడ కూసోలేదు, మీ మామ బతికున్నప్పుడు అసలే కూసోలేదు. మోకాళ్ళు పోయినంక కూసున్న. నాకు గాపాటి అబద్ధమాడ చాతగాలే బిడ్డా.”

తర్వాత చెయ్యి చాపింది. యాదలక్ష్మి రుమాలు విప్పి బొల్లవ్వను ఆ చేతిలో పెట్టింది. ఆగమ్మ దాన్ని కళ్ళ దగ్గరకు తీసుకుని, గోటితో పైచిగురు తడిమి చూసి, “గిప్పుడు గొర్రెగున్నది,” అంది. “ఏం జేసిందో చెప్పకపోతివి.”

“కూసున్నది అత్తమ్మా.”

ఆగమ్మ చింతకాయల చాటను పక్కకు జరిపింది, గడప మీద ఇంకొకరు పట్టేటంత. టీ పెట్టే వేళ దాటుతోంది. యాదలక్ష్మి కూర్చుంది.